ఇస్త్రీ బల్ల కింద బొట్లు

మొన్న శనివారం మా అమ్మాయి ఊళ్ళోనే తను ఉండే సెరంగూన్ నుంచి వచ్చి, టాంపినీస్‌లో ఉన్న మా ఫ్లాటుకి రంగులు వేయించే పని నెత్తిన వేసుకుంది. నన్నడిగి కాదు లెండి. ఏ గోడకి ఏ రంగో, ఏ సామాను ఉండాలో, ఏది పోవాలో అన్నీ ఫోనులో రాసుకొచ్చింది. పోవాల్సిన వాటిలో మొదటిది నా ఇస్త్రీ బల్ల. పాత సామాను పట్టుకెళ్ళే మనుషులకి కబురు కూడా చేసేసిందట, మంగళవారం పొద్దున వస్తారట. బదులుగా మడిచి తలుపు వెనక తగిలించుకునే సన్నటి బల్ల ఒకటి కొనుక్కొచ్చింది. దాని మీద చీర సంగతి అటుంచి, జాకెట్టు వెనకభాగం కూడా తిన్నగా పరుచుకోదు.

"నువ్వు కుట్టడం మానేసి ఎన్నేళ్ళయిందమ్మా? ఇట్స్ జస్ట్ ఎ ప్లాంక్ లా" అని ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు యాసలో తేల్చేసింది, ఉత్త చెక్కముక్కేనట.

అది వంటింటి గోడలు కొలవడానికి వెళ్ళగానే స్క్రూడ్రైవరు తెచ్చుకుని, బల్లని బోర్లించి, అంచుల వెంట కొట్టిన మేకులు ఒక్కొక్కటే పెకిలించి పాత గుడ్డ ఊడదీశాను. పారేసే వస్తువుకి ఎవరూ కొత్త గుడ్డ వెయ్యరు కదా, నేను వేస్తున్నానంటే దాని అర్థం మా అమ్మాయికి తెలియాలి.

ఆ బల్ల చేసింది నేనే. పెళ్ళయి ఈ దేశం వచ్చిన కొత్తలో, నా బీకాం పట్టా ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయాక, ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక తెలిసినవాళ్ళకి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. మీలో మిషను తొక్కినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కుట్టు ఎంత బాగా పడినా దాని మీద వెంటనే ఇస్త్రీ పడకపోతే భుజం దగ్గర ఉబ్బుతుంది, చంక దగ్గర లాగుతుంది. కొట్టులో దొరికే బల్లలు ఒక కొస సన్నంగా ఉండి చొక్కాలకే పనికొస్తాయి, నాకు కావలసింది వెడల్పుగా, నలుచదరంగా ఉండేది. మా బ్లాకు కింద లిఫ్టు పక్కన ఎవరో వదిలేసిన బీరువా తలుపు కనిపిస్తే ఎత్తుకొచ్చాను. ఎదురింటి మలయ్ ఆంటీ రంపం ఇస్తే కోసుకుని, గరుకు కాగితంతో అంచులు రుద్ది, పాత దుప్పటి నాలుగు మడతలు పరిచి, పైన నూలు గుడ్డ బిగించి, రెండు స్టూళ్ళ మీద వేశాను. మా ఆయన చూసి, ఎవరైనా వస్తే కనపడకుండా పడకగదిలో పెట్టమన్నారు. తన ఆఫీసువాళ్ళ ఆడవాళ్ళకి నేను జాకెట్లు కుడుతున్నానంటే ఆయనకి తలవంపులుగా ఉండేది. నేనూ అప్పట్లో పడకగదిలోనే పెట్టాను, అబద్ధమెందుకు.

ఒక దసరాకి మిషనుకీ కత్తెరకీ బొట్టు పెట్టి, ఆ చేత్తోనే బల్లకీ పెట్టాను. పనిముట్టు కదా మరి, దాన్నొక్కదాన్నీ వదిలేస్తే ఎలా? సాయంత్రం తడిగుడ్డతో తుడిచేశాను. పైపైన పోయింది గాని, కుంకుమ నేత లోపల ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత ఒక పెళ్ళికూతురి జాకెట్టు, ఎర్రంచు మీగడరంగు పట్టుచీరలోంచి కోసిన గుడ్డ, వెనకభాగం పరిచి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, వేడి ఇస్త్రీపెట్టె ఆనించాను. తీసి చూసేసరికి వీపు నడిమధ్య రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. పెళ్ళి ఇంకా నాలుగు రోజులే ఉంది. నిమ్మరసం, ఉప్పు, సబ్బు, ఏది రుద్దినా మరక వెడల్పయిందే గాని పోలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

ఆయన ఇంటికొచ్చి చూసి, గుడ్డకి ముందే మరక ఉందని చెప్పేస్తే సరిపోతుందన్నారు. ఆ మాటకి నా ఏడుపు ఆగిపోయింది. తప్పు నాది, నా చేతిది, దాన్ని గుడ్డ మీదికి తోసేస్తే ఆ తర్వాత ఏ మొహంతో ఇంకొకరి పట్టు చేతిలోకి తీసుకోను? మర్నాడు జాకెట్టు సంచిలో పెట్టుకుని బస్సెక్కి పెళ్ళికూతురి తల్లి దగ్గరికి వెళ్ళాను. మరక చూపించాను, ఎలా అయిందో చెప్పాను, ఒక దారి ఉందనీ అన్నాను. చీర లోపలి కొస, నడుము దగ్గర దోపుకునే భాగం, అందులోంచి ఒక ముక్క ఇస్తే వీపు మళ్ళీ కోసి కుడతానన్నాను. పెళ్ళిచీరకి కత్తెర పెట్టనివ్వమని అడగడానికి గుండె ఎంత కావాలో మీరే చెప్పండి. ఆవిడ జాకెట్టు తీసుకుని కిటికీ వెలుతురులో మరకని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొయ్యి. ఆ కొస ఎవరికి కనపడుతుంది గనక. బొట్టు మరకేగా, బురద కాదుగా" అని చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఆ ముక్క పట్టుకుని ఇంటికొచ్చేసరికి గదిలో బల్ల లేదు. ఆయన కిందికి తీసుకెళ్ళి, నేను ఎక్కడ దొరకబుచ్చుకున్నానో అక్కడే, లిఫ్టు పక్కనే వదిలేసి వచ్చారట. ఈ పని మనకొద్దు, ఇంతటితో చాలన్నారు. నేను చెప్పులు కూడా విప్పలేదు. దిగి వెళ్ళి, దాన్ని చంకలో ఇరికించుకుని, లిఫ్టులో అందరూ చూస్తుండగా పైకి తెచ్చి, ఈసారి పడకగదిలో కాదు, హాల్లో, వీధి తలుపు తియ్యగానే కనపడేచోట స్టూళ్ళ మీద వేశాను.

"ఇది ఇక్కడే ఉంటుంది. మీకు సిగ్గయితే మీవాళ్ళని రావద్దనండి" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

అప్పుడే పాత గుడ్డంతా పీకేసి, చెక్కని వెనిగరు కలిపిన నీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి, రంగు లేని ముతక నూలు గుడ్డని రెండుసార్లు ఉడికించి ఉతికి, కొంచెం తడి మీదుండగానే నడిమి నుంచి కొసలకి లాగి మేకులు కొట్టాను. ఆ తడి ఆరేసరికి గుడ్డ తప్పెటలా బిగుసుకుంది. వీపు కోసి కుట్టాను, పెళ్ళి జరిగింది, జాకెట్టుకి ఏం జరిగిందో పీటల మీద కూర్చున్న పిల్లకి కూడా తెలియదు. ఆ తల్లే తర్వాత ఎంతమందిని నా దగ్గరికి పంపిందో.

మళ్ళీ దసరా వచ్చింది. బల్లకి బొట్టు పెట్టడం మానేస్తానని ఆయన అనుకున్నారు. ఎందుకు మానేస్తాను? బల్లని పక్కకి వాల్చి, గుడ్డ తగలని అడుగు చెక్కకి పెట్టాను. ఏటా ఒకటి, పాతదాని పక్కన కొత్తది. కొన్నేళ్ళకి, నేను కుంకుమ తడుపుతుండగానే ఆయన లేచి, మాట్లాడకుండా బల్లని వాల్చి పట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఆదివారం మా అమ్మాయి మళ్ళీ వచ్చేసరికి కొత్త గుడ్డ ఉడికి సిద్ధంగా ఉంది. రిటైరై ఇంట్లో ఉన్న వాళ్ళ నాన్న ఒక కొస లాగి పట్టుకున్నారు, నేను మేకులు కొడుతున్నాను. అది వంగి, బల్ల అడుగున వరసలు తీరిన ఎర్రటి బొట్లు చూసి ఇవేమిటంది. నేను చెప్పేలోగా ఆయనే చెప్పారు, కిందికి తీసుకెళ్ళి వదిలేసింది తనేనన్న ముక్క కూడా దాచకుండా. అది నేల మీద కూర్చుని ఆ బొట్లని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత ఫోను తీసి మంగళవారం మనుషుల్ని రావద్దంది.

"ఓకే అమ్మా, ఉంచుకో. కానీ హాల్లో వద్దు" అంది.

దాని తండ్రి నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు జాకెట్లు ఇక్కడెవరూ కుట్టించుకోవడం లేదు. ఫోనులో కొలతలు పంపిస్తే హైదరాబాదు నుంచి కుట్టి వచ్చేస్తున్నాయి, భుజం ఉబ్బినా వేసుకుని తిరిగేస్తున్నారు. పండగ ముందు మా తలుపు దగ్గర చీరల సంచులతో నిలబడే ఆడవాళ్ళు లేరు, రంపం ఇచ్చిన మలయ్ ఆంటీ లేదు, నా చూపుకి సూదిలో దారం ఎక్కదు. ఆ రోజులు తలుచుకుంటే దిగులేస్తుంది, వెయ్యదని ఎందుకు బుకాయించాలి? ఆ బల్ల మీద నేనిప్పుడు ఇస్త్రీ చేసేది ఆయన రెండు చొక్కాలు, అప్పుడప్పుడూ వచ్చి ఉండే మనవరాలి బడి గౌను, అంతే. అయినా గోడలకి రంగులు ఆరగానే రెండు స్టూళ్ళూ తెచ్చి, బల్లని వీధి తలుపుకి ఎదురుగా, హాల్లోనే వేశాను.