హార్మోనియం ఎక్కిన గేరు సైకిలు

ఆ రోజుల్లో దేవుని సేవకు నోటి నిండా పాట, పిక్కల నిండా బలం, వెనక గట్టి క్యారియరున్న సైకిలు ఉంటే చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మొదటి రెండూ ఇరవయ్యేళ్ళ వయసు ఇచ్చింది, మూడోది మా నాయన ఇచ్చాడు. తొంభైల మాట ఇది. ఇంటరు ముగించి, టీచర్ ట్రైనింగు సీటు కోసం ఎదురుచూస్తూ, ఉదయగిరిలో మా సంఘపు యువకుల్లో నేనే ముఖ్యుణ్ణని నాకు నేనే చెప్పుకుంటూ తిరిగే కాలం. నెలలో చివరి ఆదివారం ఆరాధన ముగియగానే మేము ఆరేడుగురం సైకిళ్ళు తీసుకుని అడవి దారిన కొండెక్కి, అవతలి వాలులో ఉన్న పల్లెలో ప్రార్థన కూటం పెట్టేవాళ్ళం. సోమశిల డ్యాము కింద ఊరు మునిగి అక్కడ చేరిన కుటుంబాలవి. వాళ్ళకు గుడి లేదు, బస్సు లేదు. ఫారెస్టోళ్ళ జీపు కోసం వేసిన కంకర రోడ్డు మాత్రం ఉంది. (వేసినవాళ్ళు రోలరు తొక్కించడం మరిచిపోయారో, జీపే తొక్కుకుంటుందిలే అని వదిలేశారో తెలియదు.) చక్రం కింద కంకర గులకరాయిలా జారేది. ఎక్కేటప్పుడు తొక్కడం కన్నా తొయ్యడమే ఎక్కువ. దిగేటప్పుడు బ్రేకుల కన్నా చెప్పులే ఎక్కువ అరిగేవి.

ఆ ప్రయాణానికి ఒక ఆచారం ఉండేది. కూటానికి హార్మోనియం పెట్టె తప్పనిసరి. దాని బరువు మోసినవాడికే తెలుస్తుంది. ఆ బరువుకు ఎవరూ ముందుకు రాకపోతే ఎప్పుడో ఒక పాస్టరయ్య, "పెట్టె ఎవరి బండిమీద వస్తే మొదటి పాట వాళ్ళదే" అన్నాడట. అంతే, అది మాకు శాసనమైపోయింది. మొదటి పాట ఎత్తుకున్నవాడు పెట్టె ముందు చాపమీద కూర్చుంటాడు, పల్లె అంతా అతని నోరు చూస్తుంది. కూటమైన తర్వాత ఆ పల్లెలో పెద్దదిక్కయిన అవ్వ సంగటి ముద్ద, నాటుకోడి పులుసు అతనికే ముందు వడ్డిస్తుంది. ఆ వడ్డనలో కోడి తొడ ఉంటుంది. రెండేళ్ళుగా ఆ పాటా నాదే, ఆ తొడా నాదే. మా నాయన డబుల్ బారు సైకిలుకు వడ్లమూట ఆగే క్యారియరు ఉండేది మరి. ఇదంతా నా పాట గొప్పదనమని నేను అనుకునేవాణ్ణి. క్యారియరు గొప్పదనమని ఎవరూ నాతో చెప్పలేదు.

అట్లాంటి సమయంలో మా సంఘపు పాస్టరు అయ్యగారి మేనల్లుడు మద్రాసు నుంచి దిగాడు. మేనమామ దగ్గరుండి నాలుగు నెలలు తెలుగు చదవడం నేర్చుకోవాలట. వాడితోపాటు బస్సు టాపుమీద ఒక సైకిలు దిగింది. ఎర్రటి రంగు, బొటనవేలి లావు గట్లున్న టైర్లు, వెనక చక్రం దగ్గర పళ్ళ చక్రాలు ఒకదాని పక్కన ఒకటి. హ్యాండిలు మీద చిన్న మీట నొక్కితే 'టిక్కు' మని గొలుసు ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి దూకేది. ఆ సాయంత్రానికి ఊళ్ళో వాడి పేరు 'గేరు' అయిపోయింది. నన్ను చూడగానే నవ్వి, "అన్నా, నువ్వు పాటలు బాగా పాడతావంట గదా, మామయ్య చెప్పినాడు" అన్నాడు. ఆ మాటకు మురిసిపోవాల్సింది పోయి, నా కళ్ళు ఆ టైర్ల మీదే ఉండిపోయాయి. ఆ రాత్రి పడుకునే ముందు పదో ఆజ్ఞను మనసులో తిరగేశాను. పొరుగువాడి ఇల్లు ఆశించకూడదు, ఎద్దును ఆశించకూడదు, గాడిదను ఆశించకూడదు. సైకిలు మాట లేదు. కాస్త ఊపిరి పీల్చుకుంటుండగా, పొరుగువాడిది ఏదైనా సరే ఆశించకూడదనే ముక్క చివర్లో గుర్తొచ్చింది. దేవుడు సందు ఉంచడు.

ఒక్కటే ఊరట, ఆ సైకిలుకు క్యారియరు లేదు. ఆ నెల కూటానికి పెట్టె యథాప్రకారం నా బండి ఎక్కింది. కానీ ఆ ఎక్కుడులో నేను పడిన బాధ చెప్పలేను. మేము దిగి, చొక్కాలు తడిసి, పెట్టె పడకుండా ఒకడు వెనక పట్టుకుంటే నేను ముందు లాగుతూ పోతుంటే, గేరు కూర్చున్న సీటు దిగకుండా టిక్కు టిక్కుమంటూ మలుపు దాటేవాడు. పై మలుపులో మేము వచ్చేదాకా నిలబడి తునికిపళ్ళు ఏరుకుని తినేవాడు. పోనీ, తిని ఊరుకుంటే బాగుండు. కిందికి తిరిగొచ్చి, "అన్నా, ఇంగ కొంచెమే ఉండాది" అని నాకో గుప్పెడు పెట్టేవాడు! మంచితనం లేని శత్రువును ద్వేషించడం తేలిక. మంచివాడి మీద అసూయ పడాలంటే శ్రమ ఉంది. ఆ శ్రమంతా నేను పడ్డాను. మొదటి పాట నేనే పాడాను. అయితే నా పాట మధ్యలో అవ్వ పక్కామెను మోచేత్తో పొడిచి, "ఆ లావు చక్రాల బండి పిలగాడు ఎవురే? ఎంత ముచ్చటగా ఉండాడో!" అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

తర్వాతి నెల కూటానికి ముందు బుధవారం సాయంత్రం ప్రార్థన కూడికలో విన్నపాలు చెప్పమన్నారు. ఒకరు మోకాళ్ళ నొప్పి అన్నారు, ఒకరు గేదె ఈనలేదన్నారు. నేను లేచి, గొంతులో వీలైనంత భారం నింపుకుని, "మన అయ్యగారి మేనల్లుడి సైకిలు గురించి ప్రార్థించండి. సున్నితమైన బండి. ఆ కంకర దారికి తగినది కాదు. అది దేవుని పనికి ఉపయోగపడేలాగు ఆయన చిత్తం బయలుపడాలి" అన్నాను. నా ఉద్దేశం, 'అయితే ఆ బండి ఇంటి దగ్గరే ఉంచు నాయనా' అని అయ్యగారు అంటారని. అయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "చూడండి, ఈ వయసులో ఈ అబ్బాయికి ఎంత భారం ఉండాదో!" అన్నారు. సంఘమంతా మోకాళ్ళ మీద పడి ఆ సైకిలు కోసం ప్రార్థించింది. అంత పట్టుదలగా ప్రార్థించడం వర్షాల కోసం కూడా నేను చూడలేదు.

సంఘపెద్ద ఒకాయనకు ఆత్మకూరు బస్టాండు దగ్గర గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగు షాపు ఉండేది. ఆ బుధవారం ఆయన కూడా మోకాళ్ళ మీద ఉన్నాడు. (ఇది నేను ముందే గమనించాల్సింది.) శనివారం గేరు సైకిలు ఆత్మకూరు వెళ్ళి, సాయంత్రం బస్సు మీద తిరిగొచ్చింది. వెనక ఇనుప చట్రం. మామూలు క్యారియరు కాదది, సమాధికి కట్టే గ్రిల్లులాగా పువ్వులు, కొసల్లో మెలికలు, మధ్యలో చిన్న సిలువ. హార్మోనియం పెట్టెను కొలిచి చేసినట్టు సరిగ్గా కూర్చుంది. కొలిచే చేశాడట. పెద్దాయన నా భుజం తట్టి, "నువ్వు అడిగినావు, దేవుడు నా చేత చేయించినాడు. ఇంగ ఆ బరువు నీకు తప్పిందిరా!" అన్నాడు. నా ప్రార్థన ఇంత తొందరగా, ఇంత చక్కగా నెరవేరడం అదే మొదలు.

ఆ ఆదివారం ఖాళీ సైకిలు తోసుకుంటూ కొండెక్కాను. బరువు లేని బండి అంత బరువుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. మేము చేరేసరికి గేరు పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. మద్రాసు గుడిలో చిన్నప్పుడే నేర్చుకున్నాడట, వేళ్ళు నీళ్ళలా కదిలాయి. తెలుగు అక్షరాలు సరిగ్గా రాని ఆ పిల్లవాడు, చంటిబిడ్డను దించని తల్లి గురించిన ఒక పాత పాటను, చెవితో విని నేర్చిన మాటలతో ఎత్తుకున్నాడు. ఒకచోట 'తల్లి' బదులు 'పల్లి' అన్నాడు. నేను ఆశగా చుట్టూ చూశాను, ఒక్కరూ నవ్వలేదు. అవ్వ ఏడుస్తోంది. రెండో పాట నన్ను పాడమన్నారు. "గొంతు బాగలేదు" అని కండువా చుట్టుకున్నాను. భోజనాల దగ్గర తొడ ఎటు పోయిందో చెప్పక్కరలేదు. నా ఆకులో మెడ పడింది. అవ్వ నా ముఖం చూసి, "ఏంది నాయనా, గొంతు నొప్పికి మెడ మంచిదిలే, చప్పరించు" అంది. అందరూ నవ్వారు. గేరు నవ్వలేదు, అదొక బాధ.

దిగే ముందు వాడు నా పక్కన చేరాడు. "అన్నా, దిగేటప్పుడు నా బండి నువ్వు తొక్కు. నాకు నీ బండి గావాల. దానికి గంట ఉండాది, నా దానికి లేదు." పెట్టెను విప్పి నా క్యారియరుకు వాడే కట్టాడు. వద్దని అనాలని నోరు తెరిచాను. కాళ్ళు అప్పటికే ఎర్ర సైకిలు ఎక్కేశాయి.

ఆ దిగుడు ఎట్లా చెప్పను? కంకర మీద టైర్లు కరకరమని పట్టుకున్నాయి. చెట్ల ఆకులు ఇటూ అటూ పచ్చటి చారలైపోయాయి. చెప్పులు నేలకు రాయకుండా ఆ కొండ దిగడం జీవితంలో అదే మొదటిసారి. రెండు మలుపులు తిరిగేసరికి నా గొంతులోంచి పాట దూసుకొచ్చింది. కొండకు తగిలి తిరిగి నా చెవిన పడ్డాక గాని తెలియలేదు, అది వాడి పాట. వినకూడదని పంతం పట్టి కూర్చున్నవాడికి చరణాలతో సహా వచ్చేసింది. వెనక మా నాయన సైకిలు గంట ట్రింగు ట్రింగుమని మోగుతూనే ఉంది. కింద ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర ఆగి, సిగ్గుతో దుమ్ము దులుపుకుంటుంటే గేరు వచ్చి కాలు ఆనించాడు. ఒళ్ళంతా దుమ్ము, ముఖమంతా నవ్వు. "అన్నా, గొంతు నయమైపోయిందే! కానీ అది పల్లి కాదంట గదా, తల్లి అంట. నువ్వు పాడితే తెలిసింది. మళ్ళా చెప్పు, నేను నేర్చుకుంటా." అక్కడే, చెక్‌పోస్టు కర్ర కింద, వాడికి ఒక్కో మాటా చెప్పి పాడించాను. మిగతావాళ్ళు వచ్చేసరికి మేమిద్దరం పెట్టె దించి, ఫారెస్టు గార్డుకు కూటం పెట్టేస్తున్నాం.

నాలుగు నెలలకు వాడు మద్రాసు వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజున సైకిలు బస్సు టాపుమీదికి ఎక్కించింది నేనే. ఈమధ్య ఆ దారిన టోపీలు, కళ్ళద్దాలు పెట్టుకుని ఖరీదైన సైకిళ్ళ మీద కుర్రాళ్ళు కొండెక్కుతుంటారు. అట్లా టిక్కుమని శబ్దం వినపడితే ఈ వయసులోనూ నా పక్కటెముకల కింద ఏదో కాస్త గుచ్చుకుంటుంది, అబద్ధమాడను. అప్పుడు మోకాళ్ళు సరిచేసుకుని, ప్రభువా, వాళ్ళ బండ్లను కాపాడు అని ప్రార్థిస్తాను. అంతకన్నా వివరంగా ఏమీ అడగను. ఆయన వింటాడని నాకు బాగా తెలుసు.