వెనిస్‌లో పెళ్లికూతురి తరఫున

ఆ రోజుల్లో మా కాశీబుగ్గలో ప్రయాణాలు రెండే రకాలు. పనుండి వెళ్లేవి, మొక్కుండి వెళ్లేవి. టెక్కలి ఆఫీసులకో, విశాఖపట్నం ఆసుపత్రికో వెళ్లడం మొదటి రకం. పూరీకో తిరుపతికో వెళ్లడం రెండో రకం. పనీ మొక్కూ లేకుండా ఊరికే ఒక ఊరు వెళ్లి, చూసి, తిరిగొచ్చేసిన మనిషిని మా వీధిలో ఎవరూ ఎరగరు. అలాంటి ఊళ్లో ఉంటూ, విశాఖపట్నం దాటి అవతల అడుగు పెట్టని ఇరవైమూడేళ్ల నేను, యూరప్ ప్రయాణాల్లో నిపుణుణ్ని అయిపోయాను. (ఎలా అయ్యావని అడగొద్దు. బస్టాండు ఎదురుగా కొత్తగా ఇంటర్నెట్ సెంటరు వెలిసిన రోజులవి. ఆకుపచ్చ కర్టెన్ వెనక గంటసేపు కూర్చుని బయటికొచ్చిన ప్రతివాడూ ఏదో ఒకదాంట్లో నిపుణుడయ్యే బయటికొచ్చేవాడు.)

మా మావయ్యకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. ఉద్దానం నుంచి వచ్చిన జీడిపిక్కల్ని బాయిలర్లో ఉడకబెట్టి, కోసి, పప్పు తీసే ఫ్యాక్టరీ. తెల్లారింది మొదలు ఆ బాయిలరు పక్కనే నిలబడి, దాని హోరుకి మించి అరిచి అరిచి, ఆయన గొంతు ఆ స్థాయిలోనే స్థిరపడిపోయింది. అందుకే ఊరంతా బాయిలరు బాబు అనేవారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నేను ఆయన దగ్గర ఈమెయిళ్లు రాసే ఉద్యోగం చేసేవాణ్ని. అలా రాయగా రాయగా, పిక్కల్ని వాటంతటవే కోసే యంత్రం తయారుచేసే ఇటలీ కంపెనీ ఒకటి మమ్మల్ని వచ్చి చూసుకోమంది. మావయ్య ఆ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుని, "నాకు ఇంగ్లీసు రాదు, నువ్వు రా. మీ అత్తకి నాను నేకపోతే తోచదు, అదీ వత్తాది" అన్నాడు. అత్త పప్పు ఏరుతున్న చాటలోంచి తలెత్తకుండా, "నాకు తోచకపోడమేటి, నువ్వు నేని రోజునే గదా నాకు తీరిక" అంది. కానీ ఆ సాయంత్రమే వెళ్లి కొత్త స్వెట్టరు కొనుక్కుంది. పెళ్లై పాతికేళ్లు దాటినా ఆ ఇద్దరూ కలిసి వెళ్లిన అతి దూరపు ఊరు పక్క మండలంలోని నందిగాం.

యంత్రం చూశాక రెండు రోజులు మిగులుతాయి. పక్కనే వెనిస్ ఉంది. అక్కడే నా పాండిత్యం పనికొచ్చింది. పేరున్న ఊళ్లలో జనం తొక్కిడి తగలకుండా ఎలా తిరగాలో నేను కర్టెన్ వెనక కూర్చుని క్షుణ్ణంగా చదివి పెట్టుకున్నాను. సూర్యుడు రాకముందే పెద్ద చౌకు చూసేయాలి. జనం రావడం మొదలవగానే అక్కణ్ణించి జారుకోవాలి. గుంపు కుడికి వెళ్తే మనం ఎడమకి వెళ్లాలి. ఇదంతా ఫ్యాక్టరీలో మావయ్యకి వివరిస్తే, ఆయన బాయిలరు మీటలు చూస్తూనే విని, "జనం నేని కాడికి మనమెందుకెల్లాలిరా?" అన్నాడు.

"ప్రశాంతంగా ఉంటాది మావయ్యా."

"ప్రశాంతం కావాలంటే మన బారువ సముద్రం కాడ నేదా? ఒరే అల్లుడూ, జనం నేని హోటల్లో మనం తింటామా? తినం. ఎందుకు? జనం నేరంటే అక్కడేటో తేడా ఉన్నాదని గదా. ఊరైనా అంతే."

పాతకాలపు ఆలోచన అని జాలిపడ్డాను.

యంత్రం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఇటలీ వాళ్లు తెల్లకోట్లు వేసుకుని, మేం మూటగట్టి తెచ్చిన ఉద్దానం పిక్కల్ని దాంట్లో పోశారు. అది చాలా మర్యాదగా, చప్పుడు లేకుండా, అన్నింటినీ ముక్కలు చేసి పెట్టింది. విరగని గుండు పప్పు ఒక్కటీ దక్కలేదు. మావయ్య పళ్లెంలోంచి గుప్పెడు ముక్కలు తీసి, కాసేపు చూసి, జేబులో వేసుకుని "పద" అన్నాడు. ఆ తర్వాత రైల్లో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ గొంతు అంతసేపు వినపడకపోవడం నాకు అదే మొదలు. ఇంత దూరం రప్పించింది నా ఈమెయిళ్లే కదా. ఇక నా పరువు మొత్తం వెనిస్ మీద ఉంది.

మర్నాడు చీకటి విడీ విడకముందే ఇద్దర్నీ లేపి తీసుకెళ్లాను. నేను కోటు వేసుకుని టై కట్టుకున్నాను. (జూన్ నెల. ఎందుకు కట్టుకున్నానో నాకిప్పటికీ తెలీదు. యూరప్ అంటే టై అని ఎక్కడో నాటుకుపోయినట్టుంది.) అత్త చీర మీద స్వెట్టరు, మావయ్య చొక్కా మీద మఫ్లరు, చంకలో పప్పు శాంపిల్ ప్యాకెట్ల సంచి. శాన్ మార్కో అనే ఆ పెద్ద చౌకు మధ్యలో నిలబడ్డాం. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు. నా ప్లాను అక్షరాలా ఫలించింది. గర్వంగా మావయ్య వైపు చూశాను.

ఆయన నలుదిక్కులా కలియజూసి, గొంతు తగ్గించి, అంటే ఆ గోడలు ప్రతిధ్వనించేలా, "ఊరికేటైనా జబ్బు వచ్చిందేట్రా?" అన్నాడు.

"నేదు మావయ్యా, ఇంకా లేవలేదు."

"మరి ఆల్లు లేచేదాకా మనం పడుకుంటే సరిపోద్ది గదా."

అత్త మాత్రం మెట్టు మీద కూర్చుని, నీళ్లవైపు చూస్తూ, "బాగున్నాది" అంది. మావయ్యని కూడా కూర్చోమని పక్కన చోటు చూపించింది. ఆయన కూర్చోలేదు. కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు. కాసేపటికి పడవల్లోంచి జనం దిగడం మొదలైంది. నేను నియమం ప్రకారం అత్తని లేవదీసి, ఇద్దర్నీ సందుల్లోకి నడిపించాను. మావయ్య మెడ వెనక్కి తిప్పి ఆ జనం వైపే చూస్తూ నడిచాడు. "ఇప్పుడే గదరా వత్తన్నారు. ఆల్లు వత్తంటే మనం ఎల్లిపోడమేటి? నిప్పంటుకున్నాదేటి?"

ఆ సందుల్లో అసలు వెనిస్ ఉంటుందని నేను చదివాను. ఉంది. కాకపోతే అంతా ఒకేలా ఉంది. ఒక వంతెన ఎక్కి దిగి, మలుపు తిరిగి, మళ్లీ వంతెన ఎక్కితే, అది అదే వంతెన. దాని మీద అదే పిల్లి. మావయ్య కాలవల్లోకి తొంగి చూసి, "రోడ్లమీద నీల్లు ఇన్నాల్లు నిల్చిపోతే మునిసిపాలిటీ వోల్లు పట్టించుకోరేటి" అన్నాడు. పిల్లి మూడోసారి ఎదురైనప్పుడు నేను మ్యాపు విప్పి గోడకి ఆనించి చూస్తున్నాను. మ్యాపు మడిచి వెనక్కి తిరిగేసరికి అత్త ఉంది, పిల్లి ఉంది, మావయ్య లేడు.

ఆయన దగ్గర ఫోను లేదు. పాస్‌పోర్టు నా కోటులో ఉంది. లాడ్జి పేరు ఆయనకి తెలీదు, తెలిసినా పలకలేడు. "మావయ్యా" అని అరిచాను. పైన కిటికీ తెరుచుకుని ఒకావిడ ఏదో తిట్టి మూసేసింది. అత్త స్వెట్టరు విప్పి భుజాన వేసుకుని, "కంగారు పడకు. జనం ఉన్న కాడే ఉంటాడు. గుంపులున్న కాడికి పద" అంది.

ఆ ఊళ్లో ఏ గుంపు ఎక్కడుంటుందో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలిసుండదు. తప్పించుకోవడానికే కదా అంత కష్టపడి బట్టీపట్టాను. వరసగా అన్నీ చూపించాను. మళ్లీ శాన్ మార్కో చౌకు. ఈసారి కాలు పెట్టే సందు లేదు. అత్త ఆ జనాన్ని పప్పు ఏరినట్టు ఒక్క చూపులో ఏరేసి, "ఈ గుంపులో నేడు. ఇంకోటి సూపించు" అంది. గంటస్తంభం ఎక్కే క్యూ మొదటినుంచి చివరిదాకా వెనక్కి నడిచాం. రియాల్టో వంతెన మీద మోచేతులతో దారి చేసుకున్నాం. ఐస్‌క్రీం బండి, పడవల రేవు, మ్యూజియం గేటు. నా టై ఒక జపాను పెద్దాయన కెమెరాకి చిక్కుకుంటే, ఆయన వెనకే కొంతదూరం వెళ్లిపోయాను. మధ్యాహ్నానికి వెనిస్‌లో నేను చూడకూడదనుకున్నవన్నీ చూసేశాను. అత్త మొహంలో మొదటిసారి బెంగ కనపడింది. "తిండి మాటెత్తితే గానీ ఆకలి గుర్తురాని మనిషి. ఏటి తిన్నాడో" అంది. మా ఊరి పక్కనే ఉన్న పలాస స్టేషన్లో రైలు దిగి, బాయిలరు బాబు ఏడని అడిగినవాళ్లకి ఏం చెప్పాలో తోచలేదు.

ఇక పోలీసుల దగ్గరికి వెళ్దామని దారి అడుగుతూ పోతుంటే, ఒక కాలవ అవతల నుంచి వినపడింది. బాయిలరు హోరుని దాటడానికి తయారైన గొంతు. "మంచిది బాబూ, మంచిది. సల్లగా ఉండండి."

పరిగెత్తాం. చిన్న చర్చి, దాని ముందు ఒక బుల్లి బయలు, టూరిస్టు అనేవాడు ఒక్కడూ లేడు. (నా ప్లానులో రెండో రోజుకి రాసుకున్న నిశ్శబ్ద ప్రదేశం సరిగ్గా ఇదే.) చర్చి మెట్ల దగ్గర మంచి బట్టలు కట్టుకున్న జనం వరసగా నిలబడి ఉన్నారు. వరస మొదట్లో తెల్లగౌను పెళ్లికూతురు, నల్లకోటు పెళ్లికొడుకు. మా మావయ్య పెళ్లికొడుకు చేతులు రెండూ పట్టుకుని ఊపుతున్నాడు.

తర్వాత ఆయనే చెప్పాడు. "మంచి బట్టలు కట్టుకుని అంతమంది ఒకే పక్కకి ఎల్తన్నారంటే అక్కడేటో బాగుంటాది గదా అనీసి ఎనకే ఎల్లినాను. లోన కూకున్నాను. ఆల్లు లెగిస్తే లెగిసినాను. లైను కట్టినారు, కట్టినాను."

పెళ్లికూతురు వరసలో అందరికీ ఇస్తున్నట్టే ఆయన చేతిలో తెల్లటి పట్టుగుడ్డ మూట ఒకటి పెట్టింది. విప్పితే పంచదార పూత పూసిన బాదం పప్పులు. మావయ్య ఒకటి నోట్లో వేసుకుని కొరికి, మొహం అదోలా పెట్టి, "బాదమా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో పలాస జీడిపప్పు వ్యాపారులందరి బాధా ఉంది. వెంటనే సంచి తీసి, శాంపిల్ ప్యాకెట్లన్నీ, నిమ్మకాయంత లావు గుండు పప్పు (సరే, ఉసిరికాయంత), ఆ పిల్ల చేతుల్లో పోసేశాడు. "ఇది తినమ్మా, ఇది పప్పంటే" అన్నాడు. ఆ పిల్ల ఒకటి కొరికి కళ్లు మూసుకుంది. వెనకున్న ముసలామె అందుకుంది. ప్యాకెట్టు చేతులు మారుతూ పోయింది. పొద్దుట్నుంచి, కాదు, ఆ యంత్రం చూసినప్పట్నుంచి మూతబడిన మావయ్య మొహం అప్పుడు విచ్చుకుంది.

మేం వెళ్లి లాక్కొచ్చేలోపే బయల్లో వేసిన పొడవాటి బల్లల దగ్గర మమ్మల్ని కూడా కూర్చోబెట్టేశారు. ఇంగ్లీషు కోసం తీసుకొచ్చిన నాకు అక్కడ ఇంగ్లీషు వచ్చినవాడు దొరకలేదు. మావయ్యకి ఆ ఇబ్బంది లేదు. పక్కన కూర్చున్న ఒక తాతగారితో ఆయన ఉద్దానం తెలుగులో, తాతగారు తన ఇటాలియన్‌లో, తెగ మాట్లాడుకున్నారు. "ఈయన అల్లుడు మంచోడు కాడట్రా" అని మధ్యలో నాకు చెప్పాడు కూడా. అత్త ఎంతోసేపు కూర్చోలేకపోయింది. వంటవాళ్లు సరిగ్గా వడ్డించడం లేదని కొంగు దోపుకుని లేచి, పళ్లెం అందుకుని, వరసంట వడ్డించడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. ఇటు వాళ్లు మేం అటు వాళ్లమనుకున్నారు, అటు వాళ్లు ఇటు వాళ్లమనుకున్నారు.

చివరికి పెళ్లికూతురి స్నేహితురాలు ఒకామె, కాస్త ఇంగ్లీషు వచ్చినావిడ, నా దగ్గరికొచ్చి మర్యాదగా, మీరు ఎవరి తరఫు అని అడిగింది. బల్లలన్నీ ఒక్కసారి మావైపు తిరిగాయి. తినబోతున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు.

"ఏటంతందిరా?" అన్నాడు మావయ్య.

"మనం ఎవరి తరఫని అడుగుతున్నారు మావయ్యా. నిజం చెప్పేసి, సారీ చెప్పి..."

మావయ్య రెండు వైపులా ఓసారి చూశాడు. ఆలోచించాల్సిన పని కూడా లేనట్టు, "పెల్లికూతురి తరపని సెప్పు. పెల్లికొడుకు వైపోల్లు సేనామంది ఉన్నారు. ఆ గుంట తరపున తక్కువున్నారు" అన్నాడు.

నేను చెప్పాను. ఇంకేం చేయను. ఆమె ఇటాలియన్‌లోకి మార్చి చెప్పింది. తర్వాత పెళ్లికూతురు గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని బల్ల చుట్టూ నడిచొచ్చి, మావయ్య రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది. బల్లలు దద్దరిల్లేలా చప్పట్లు. మావయ్య మఫ్లర్లో మొహం దాచుకున్నాడు. అత్త వడ్డించే పళ్లెం కింద పెట్టి, "బాగున్నాది సంబడం" అని, అందరితోపాటు తనూ నవ్వడం మొదలుపెట్టి, నవ్వాపుకోలేక మావయ్య పక్కనే కూలబడింది. ఆయన జరిగి చోటిచ్చాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ అక్కణ్ణించి లేవలేదు. ఎవరో వాయిద్యం వాయిస్తున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. మా మావయ్య పని లేకుండా కూర్చోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే.

సాయంత్రం పడవలో తిరిగొస్తుంటే మావయ్య అడిగాడు. "ఒరే, ఆ గుంట పేరేటి?" ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. కడుపునిండా పెళ్లిభోజనం చేసొచ్చాం గానీ పేరు అడగడం ఎవరికీ తోచలేదు. "ఏదైనా మంచి పేరే అయ్యుంటాది" అంది అత్త.

ఆ పెళ్లికూతురికి ఇప్పుడు నలభై దాటుంటాయి. భోజనాలయ్యాక ఫోటోగ్రాఫరు అందర్నీ మెట్లమీద నిలబెట్టి ఫోటో తీశాడు. వెనిస్‌లో ఏదో ఇంట్లో గోడమీద ఆ ఫోటో ఉండే ఉంటుంది. పెళ్లికూతురి తరఫువాళ్ల వరసలో మఫ్లరు చుట్టుకున్న ఒకాయన, చీరకొంగు దోపుకున్న ఒకామె, పకపకా నవ్వుతూ. ఆ ఇంటి పిల్లలు వీళ్లెవరని అడిగితే ఏం చెబుతున్నారో పాపం. వాళ్ల పక్కన ఒక కుర్రాడు కూడా ఉంటాడు. టై బిగించుకుని, వాచీ చూసుకుంటూ, ఇక్కడ అనవసరంగా ఆలస్యమైపోతోందని మొహం ముడుచుకుని. పిల్లలూ, వాణ్ని మాత్రం ఏమీ అనుకోకండి. వాడికి అప్పటికింకా ఏమీ తెలీదు.