పెరుగు తోడేస్తానన్నాను

ఈ రోజు పొద్దున సర్కారు తుపాకులవాళ్లు వచ్చి మా ఒక్కగానొక్క బర్రెను ఇబ్రహీంపట్నం వైపు తోలుకుపోయారు. ఇక ఇంట్లో పాలు, పెరుగు, మజ్జిగ ఉండవు. మజ్జిగ లేనిదే ముద్ద దిగని మా అత్తకు భయపడుతూనే జొన్న గటకలో చింతపండు పులుసు పోసి ఇచ్చాను. గిన్నె ఊడ్చి తినేసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నాకు నడుస్తది బిడ్డా. వాడొచ్చినంక పెరుగు లేకుంటే ఎట్ల తింటడే?"

వాడంటే నా భర్త. దొరల మీద పోరాడే సంఘంలో చేరి అడవికి పోయి మూడు నెలలైంది. కబురు లేదు.

"ఫికర్ చెయ్యకు అత్తమ్మా. ఆయన వచ్చిననాడు పక్కింట్ల పాలు తెచ్చి తోడేస్త" అన్నాను.

పక్కింటి బర్రెను కూడా తోలుకుపోవడం అత్త కళ్లారా చూసింది. అయినా "అవ్, గట్లనే చెయ్" అంది.

మీ ఇళ్లలోనూ ఇలాగే ఒకరినొకరు నమ్మించుకుంటున్నారా?