మొహాలు నేర్చుకోవడానికి వచ్చిన యంత్రం

మొన్న పింఛను పనిమీద బజారులోని ఆన్‌లైన్ దుకాణానికి వెళితే, అక్కడి కుర్రాడు ఫోను నా మొహానికి ఎదురుగా పట్టుకుని, ఒకసారి కళ్ళార్పండమ్మా అన్నాడు. నేను బతికే ఉన్నానని సర్కారుకు తెలియడానికి అది చాలునట. ఆర్పాను. ఫోను కాసేపు తటపటాయించి సరేనంది. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ మనసులో ఏదో కలత. నా మొహం ఇప్పుడు ఎక్కడికి వెళ్ళింది, ఎవరి దగ్గర ఉంది అని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, వెనక వరసలో నిలబడ్డవాళ్ళను చూసి ఊరుకున్నాను. అలా ఊరుకోని రోజొకటి నా ఉద్యోగంలో ఉంది. ఇంటికొచ్చి కూర్చున్నాక అదే గుర్తుకొచ్చింది.

తెలుగు నేల దాటగానే వచ్చే కొంటాలో ఆడపిల్లల హాస్టలుకు నేను వార్డెనుగా చేసిన చివరి సంవత్సరాలవి. మా పిల్లలంతా లోపలి ఊళ్ళవాళ్ళు. ఇంట్లో దొర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ మాట్లాడుతూ, ఏ భాషలో నవ్వు వస్తే ఆ భాషలో నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే ఒక జీపు వచ్చి గేటు ముందు ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, నాలుగు లాప్‌టాప్‌లు, ఒక రంగురంగుల బ్యానరు, రెండు డబ్బాల సమోసాలు దిగాయి. పిల్లలకు ఏఐ అంటే ఏమిటో చేతులతో చేయించి చూపిస్తారట, పైనుంచి అనుమతి కూడా ఉందట. నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, మన కాలంలో ఉచితంగా వచ్చిన వస్తువును రెండుసార్లు తిప్పి చూసిగానీ లోపల పెట్టుకునేవాళ్ళం కాదు. ఎవరు పంపారు, ఇంతదూరం ఎందుకొచ్చారు, మా పిల్లలే ఎందుకు కావాల్సి వచ్చారు అని నేను అడుగుతుంటే ఆ అబ్బాయి చిరునవ్వు నవ్వుతూనే గోడకు బ్యానరు కట్టసాగాడు. అమ్మాయిది వరంగల్ వైపు. ఆమె మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పింది. చెప్పినకొద్దీ నా అనుమానం పెరిగిందే తప్ప తగ్గలేదు. సమోసాల డబ్బాలను ముందు వంటింట్లో పెట్టించాను.

పొద్దున అంతా బాగానే నడిచింది. యంత్రానికి మనమే పాఠం చెప్పాలని, ఎన్నిసార్లు చూపిస్తే అంత బాగా గుర్తు పెట్టుకుంటుందని ఆ అమ్మాయి చెబుతుంటే, ఎప్పుడూ పాఠం చెప్పించుకోవడమే తప్ప చెప్పడం ఎరగని మా పిల్లల కళ్ళు వెలిగిపోయాయి. నేను వెనక బల్లమీద కూర్చుని, పప్పులో రాళ్ళు ఏరేటప్పుడు చూసినట్టు ప్రతిదీ చూస్తున్నాను. అప్పుడు ఒక్కొక్క పిల్లనూ కెమెరా ముందు కూర్చోబెట్టి, మొహం ఇటు తిప్పి అటు తిప్పి ఫొటోలు తీయించి, కింద పేరు రాయించడం మొదలుపెట్టారు. కాసేపటికి ఏ పిల్ల ఎదురుగా వచ్చినా తెరమీద ఆ పిల్ల పేరు పడుతోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించలేదు. మా వైపు ఊళ్ళలో ఇటు పోలీసులు వచ్చి అడిగినా, అటు అడవిలోవాళ్ళు వచ్చి అడిగినా, ఫలానా మనిషి ఎవరో తెలియదు అనడమే బతకడం. ఆ ఒక్క మాట అడ్డుపెట్టుకుని ఎన్ని ఇళ్ళు నిలిచాయో నాకు తెలుసు. ఈ యంత్రానికి తెలియదు అనడం ఎవరు నేర్పుతారు?

వరస చూస్తే ఒక పిల్ల తగ్గింది. కిష్టారం దగ్గరి పల్లె పిల్ల, తొమ్మిదో తరగతి. వాళ్ళన్న కొన్నేళ్ళ కిందట ఇల్లు విడిచి అడవిలోకి వెళ్ళాడని హాస్టల్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వెతుక్కుంటూ వెళితే వంటింటి వెనక కట్టెల మోపుల చాటున, చున్నీ మొహానికి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని వీపు నిమిరాను. చున్నీ కొంచెం తొలగించి అడిగింది.

"మేడమ్, నా మొకం మా అన్న మొకం లెక్కనే ఉంటదంటరు అందరు. అది నన్ను యాది పెట్టుకుంటే, రేపు ఎవలన్న అడిగితే చెప్తదా?"

అది చెబుతుందో లేదో తెలియకుండా ఆ పిల్లకు భయం లేదని చెప్పలేను. లేచి నేరుగా తరగతిగదిలోకి వెళ్ళి, ఇక చాలు, ఆపమన్నాను.

అబ్బాయి మొహం ఎర్రబడింది. ఇది ఉత్త ఆట అని, ఆ ఫొటోలు ఎక్కడికీ పోవని, పెద్దవాళ్ళే ఇలా లేనిపోని భయాలు పెడితే పిల్లలు ఎప్పటికి ముందుకొస్తారని హిందీలో గట్టిగానే అన్నాడు. నేను అడ్డుపడుతున్నానని పైవాళ్ళకు ఫోను చేస్తానన్నాడు. చేసుకోమన్నాను. ఉద్యోగం చివర్లో ఉన్నదాన్ని, మాట రావచ్చని తెలుసు. అతన్ని వదిలేసి ఆ అమ్మాయివైపు తిరిగి ఒకటే అడిగాను: ఈ మొహాలు ఈ డబ్బా దాటి పోవని నీ కన్నతల్లిమీద ఒట్టేసి చెప్పగలవా అని.

ఆ అమ్మాయి లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "పోవనే అనుకుంటున్నానమ్మా. కానీ ఒట్టు వెయ్యలేను. ఇన్ని ఊళ్ళు తిరిగినం, ఈ మాట మమ్మల్ని ఎవరూ అడగలే."

ఆ మాట అన్నందుకే నాకు ఆమెమీద గౌరవం కలిగింది. నా కళ్ళముందే అన్ని ఫొటోలూ తుడిచేసింది. నాలుగు లాప్‌టాప్‌లూ తెరిచి చూపించింది. నిజంగా పోయాయో, పోయినట్టు కనబడ్డాయో నాకెలా తెలుస్తుంది? అయినా అంతకంటే చేయగలిగింది లేదు.

మరి యంత్రానికి ఏం నేర్పాలి? పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. అప్పుడు చిన్నపిల్లొకతె గుమ్మం బయటికి చూపించి, చెప్పులు నేర్పుదామంది. హాస్టలు చెప్పులన్నీ ఒకే తీరు నీలం రబ్బరువి; రోజూ పొద్దున ఏవి ఎవరివోనని జుట్లు పట్టుకునేదాకా వచ్చేది. ఆ చెప్పుల్ని ఒక్కొక్కటిగా తెచ్చి కెమెరాకు చూపించారు. తెగితే పిన్నీసు పెట్టినది, మడమ దగ్గర అరిగినది, ఎలుక కొరికినది. యంత్రం వంటమ్మ చెప్పును ఆరో తరగతి పిల్లదని, ఆరో తరగతి పిల్లది నాదని చెబుతుంటే గది గదంతా విరగబడి నవ్వింది. ఆ అబ్బాయికి కూడా చివరికి నవ్వు ఆగలేదు. నవ్వులు విని వంటింటి వెనక నుంచి ఆ కిష్టారం పిల్ల వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, చెయ్యి మాత్రం చాపి, తన చెప్పు చూపించింది. సాయంత్రం రిపోర్టుకు గ్రూపు ఫొటో కావాలంటే, వరండాలో చెప్పులు వరసగా పెట్టించి వాటికే తీయించాను.

పైనుంచి ఫోను రానే వచ్చింది, నాలుగు చీవాట్లు తిన్నాను, అక్కడితో సరిపోయింది. ఆ కిష్టారం పిల్ల పన్నెండో తరగతి దాటింది, జగదల్‌పూర్‌లో కాలేజీలో చేరింది. పోయిన నెల నన్ను చూడటానికి వచ్చి, సెలవుల్లో తను కూడా అలాంటి శిక్షణలకే వెళుతున్నానని, లోపలి ఊళ్ళ పిల్లలకు దొర్లీలో తనే చెబుతున్నానని అంది. చేతిలో మంచి ఫోను. మొహం చూపిస్తే చాలు తెరుచుకుంటోంది. వాళ్ళన్న సంగతి తను చెప్పలేదు, నేను అడగలేదు. కెమెరా పెట్టేముందు పిల్లల్ని అడుగుతావా అని మాత్రం అడిగాను.

"అడుగుత మేడమ్. అందరు సరే అంటరు. మొకం దాసుకునేటోళ్ళు ఇప్పుడు ఎవలున్నరు?"

ఆ పిల్ల భయం లేకుండా నవ్వుతుంటే కడుపు నిండినట్టే ఉంది. అయినా ఆ మాట నాలో ఇంకా అరగలేదు. నా చిన్నతనంలో శబరి ఏరు దాటి ఇటు అడుగుపెట్టిన కొత్తమనిషిని మా నాన్న అరుగుమీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏ ఊరు, ఎవరింటికి, ఏం పనిమీద అని తీరిగ్గా అడిగేవాడు. నమ్మదగ్గ జవాబు చెబితే అన్నం పెట్టేవాడు, చెప్పకపోతే దారి చూపించేవాడు. అలా అడగడం మాకు మర్యాదే, కాపలా కూడా. ఇప్పుడు మనల్ని చూసేవాళ్ళు మన అరుగెక్కరు. ఎదురుగా ఉంటే కదా, ఎవరు బాబూ నువ్వు అని అడగడానికి.