డాక్టరు కుర్చీ కింద మేస్త్రీ

టైల్స్ మేస్త్రీ ముప్పై రెండేళ్లు మోకాళ్ల మీదే పాకి ఊళ్లో సగం ఇళ్లకు నేల పరిచాడు. తన పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. పుట్టినవాళ్లున్నారు గానీ, ఆ నోటికి జడిసి ఊరుకున్నారు.

చివరికి మోకాళ్లే మొరాయించాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. రోజూ భార్య చంకల కింద చేతులేసి లేపేది. ఆయన దేవుడి దగ్గర్నుంచి సిమెంటు కంపెనీ దాకా అందరినీ తిట్టేవాడు. అలా ఇద్దరూ పని పంచుకున్నారు.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు రోబో సంగతి చెప్పాడు.

"అరిగిన ఎముక తీసి కొత్త కీలు వేస్తాం. కోసేది నేనే. గీత దాటబోతే రోబో నా చెయ్యి ఆపేస్తుంది."

"అంటే మీకూ దారం కట్టాలన్నమాట," అన్నాడు మేస్త్రీ.

టైళ్ల వరస వంకర పోకుండా దారం కట్టి పని చేసేవాడంటే ఆయనకు గురి. అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేసుకోవచ్చు, అంతకన్నా ఏం కావాలి?

డాక్టరు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రీ చెవి మాత్రం డాక్టరు కుర్చీ మీద ఉంది. అది కదిలినప్పుడల్లా కింద టైలు డొల్లగా మోగుతోంది. ఉండబట్టలేక, భార్య వద్దంటున్నా వినక, గోడ పట్టుకుని కిందికి దిగి నాణెంతో టకటకా కొట్టి చూశాడు. నాలుగు టైళ్లు డొల్ల. ఏ వెధవ వేశాడోనని తిట్టి, ఇద్దరు పట్టి లేపాక సంతకం పెట్టాడు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఇంటికి పంపే రోజు డాక్టర్ని అడిగాడు.

"పనిలోకి ఎప్పుడు దిగొచ్చు?"

"నడవండి, మెట్లెక్కండి. మోకాళ్ల మీద కూర్చుని చేసే పని మాత్రం ఇక వద్దు. ముందే చెప్పాను కదా."

"ఎప్పుడు చెప్పారు?"

"మీరు నా కుర్చీ కింద ఉన్నప్పుడు."

మేస్త్రీ మొహం మాడిపోయింది. భార్య వైపు తిరిగాడు.

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"మరి చెప్పి చావలేదేం?"

"చెబితే చేయించుకునేవారా?"

"చచ్చినా చేయించుకునేవాణ్ని కాదు."

"అందుకే." ఆమె నడుం పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "ఆరేళ్లుగా మిమ్మల్ని లేపుతున్నాను. నా నడుం పడిపోతే నన్నెవరు లేపుతారు? మీరా?"

డాక్టరు మెల్లగా బయటికి జారుకున్నాడు. మేస్త్రీకి తెలిసిన పని ఒక్కటే, అదీ పోయింది. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక ఆమె అలవాటుగా లేచి చంకల కింద చేతులు పెట్టబోయింది.

"నువ్వు పక్కకి జరుగు," అన్నాడు.

వాకర్ పట్టుకుని తనే లేచాడు. రోబోని, డాక్టర్ని, వాళ్ల ఏడు తరాలనీ వరసపెట్టి తిడుతూ లేచాడు. ఆమెను మాత్రం ఒక్క మాట అనలేదు.