స్వరూపక్క కట్టిన మెట్లు

మొన్న కొండాపూర్‌లో మా ఆఫీసు పాంట్రీలో ఎవరో సర్వపిండి వేడి చేశారు. నువ్వులూ వెల్లుల్లీ మాడిన ఆ వాసన ముక్కుకి తగలగానే కాఫీ కప్పుతో అక్కడే నిలబడిపోయాను. నా మొదటి టీమ్ లీడ్ స్వరూపక్క డబ్బా మూత తీస్తే అంతస్తంతా ఇదే వాసన. ఒక చేత్తో సర్వపిండి తుంచుకుంటూ, రెండో చేత్తో మౌస్ కదుపుతూ, ఆవిడ రోజూ లంచ్ టైంలో బండరాళ్లు గీసేవారు.

అవి ఆవిడ సొంతంగా తయారుచేస్తున్న ఆటలోని రాళ్లు. పాత వీడియో గేముల్లోలాగా గడ్డి, గోడ, మెట్టు ఒక్కోటీ ఒక చిన్న చదరపు బిళ్ల. ఒక్కో బిళ్లనూ చుక్క చుక్కగా రంగు నింపి గీయాలి. ఇంట్లో టైల్స్ పరిచినట్టు వాటిని పక్కపక్కన పరిస్తే ఊరు తయారవుతుంది. ఆవిడ ఊరు ఖాజాగూడ. ఆటలో కథానాయిక నెత్తిన బోనం పెట్టుకుని, కుక్కల్నీ కోతుల్నీ తప్పించుకుంటూ, గుట్టెక్కి పోచమ్మ గుడి చేరాలి.

ఆడాల్సింది ఒక్కరే, ఆవిడ అత్తగారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ఏటా బోనమెత్తే మనిషి, ఈసారి గుట్టెక్కలేనని తెలిసిన రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకుంటున్నారట.

"తిడ్తే ఫికర్ లేదు తమ్మీ. తిడ్తనే లేదు," అన్నారు స్వరూపక్క. "బోనాల లోపట ఆట తయారు కావాలె."

తీరా చూస్తే ఫోన్లో బొమ్మలు పెద్దావిడ కంటికి ఆనలేదు. టాబ్లెట్‌కి సరిపోయేలా పెంచాలి. సరిగ్గా రెండింతలు చేస్తే చుక్కలు చెక్కుచెదరవు గానీ, సగం గుట్ట తెర బయటికి పోతోంది.

"ఒకటిన్నర రెట్లు చేసేయండక్కా. ఎవరు చూస్తారండి?" అన్నాను.

ఒక చుక్కని ఒకటిన్నర చుక్క చేయలేక కంప్యూటర్ ఒక వరుసను లావుగానూ, పక్క వరుసను సన్నగానూ వదిలేసింది. అక్క కాసేపు నసిగి, బోనాలు దగ్గరపడ్డాయని ఒప్పుకున్నారు.

ఆ శనివారం వాళ్లింటికి నేనూ వెళ్లాను. అత్తగారు అయిష్టంగానే టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సవరించుకున్నారు.

"మెట్లేంది గిట్లున్నయి? ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎక్కితే మోకాళ్లుంటయా? ఎవడే మేస్త్రి? కల్లు తాగొచ్చిండా?"

మా టీమంతా హడలిపోయే స్వరూపక్క తల వంచుకుని, "నేనే అత్తమ్మా," అన్నారు.

"నువ్వేనా? ఇంకేంది మరి!" అని ఆవిడ టాబ్లెట్ పక్కన పెట్టి మళ్లీ గోడవైపు తిరిగారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అక్క మాత్రం వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చి, "తిట్టింది తమ్మీ!" అన్నారు.

ఇక బిళ్లలన్నీ పెద్ద కొలతలో మొదటినుంచి మళ్లీ గీయడం మొదలుపెట్టారు. రాళ్లు నాకు అప్పగించారు. నేను గీసింది చూసి, "గిది బండ కాదు, ఇడ్లీ," అనేవారు. మాది తణుకు, నాకు గుట్ట అంటే ఇసుక గుట్టే. చివరికి ఓ సాయంత్రం నన్ను నిజం రాళ్ల దగ్గరికి లాక్కెళ్లి, ఓ బండ మీద కూర్చోబెట్టి, "నీడ ఎటు పడ్తున్నదో చూడు. చూసి గీయి," అన్నారు. ఆఫీసు పని నాకు చాలామంది నేర్పారు. చూడటం నేర్పింది ఆవిడే.

బోనాల నాడు ఇంట్లోవాళ్లంతా గుట్టకి వెళ్లారు. అక్క ఆగిపోయారు, నన్నూ పిలిపించారు. అత్తగారు బాణం గుర్తు నొక్కుతూ బోనమెత్తిన బొమ్మను మెల్లగా ఎక్కించారు. కుక్కను తప్పించారు. కోతిని నోటికొచ్చినట్టు తిట్టారు. సగం గుట్ట ఎక్కాక వేలు ఆగిపోయింది. అక్క మొహం పాలిపోయింది.

"ఏమైంది అత్తమ్మా? మెట్టు మళ్ల వంకరున్నదా?"

"మెట్టు మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నారావిడ నిజంగానే రొప్పుతూ. "ఆయాసమొస్తున్నది. జర కూసోని పోత."

అక్క లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చారు. అత్తగారు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు.

స్వరూపక్క ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. నేను చేసిన పని చూసి ఇంతవరకూ ఎవరికీ ఆయాసం రాలేదు. వస్తుందేమోనన్న ఆశతోనే రోజూ కంప్యూటర్ ముందు కూర్చుంటాను.