జాజు గుర్తు పెట్టిన రాయి

మొన్న శనివారం పొద్దున కొర్రలు చేటలో పోసుకుని రాళ్లు ఏరుతుంటే ఫోన్ మోగింది. నంద్యాలలో ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను కాబట్టి ఫోన్ మోగడం కొంచెం పెద్ద విషయమే. సాధారణంగా అయితే తప్పు నంబరై ఉంటుంది, లేదంటే నాతోపాటు రిటైరైన తెలుగు పంతులమ్మ అయి ఉంటుంది. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి ఆదివారాలు మాత్రమే మాట్లాడుతుంది గనక ఇది తప్పు నంబరే అనుకుని ఎత్తాను.

"మేడం, ఆళ్లగడ్డ నుంచి మాట్లాడతాండా. శిల్పాల షెడ్డు ఆచారి కోడల్ని. మీ నాయన రాయి ఒకటి మా షెడ్డులో ఉండాది. రోడ్డు పెద్దది చేస్తాండారు, షెడ్డు తీసేయల్ల. మీరు పాఠాలు చెప్పిన స్కూల్లో అడిగి నంబరు పట్టుకున్నా. మా మామకు తెలీకుండా చేస్తాండా ఈ ఫోను. వస్తే బేగా రాండి."

ఫోన్ పెట్టేసి చేట పక్కకు జరిపాను. నాయన పోయి ఇరవై రెండేళ్లు. ఆ రాయి సంగతి నాకు తెలియక కాదు. తెలిసే పోలేదు. నాయన స్నేహితుడు, నేను మామా అని పిలిచే ఆ ఆచారి మీద కోపంతో పోలేదు. ఇన్నేళ్లలో ఆళ్లగడ్డ మీదుగా కడపకు పదిసార్లు పోయి ఉంటాను. శిల్పాల షెడ్లు రాగానే బస్సులో అవతలి వైపు కిటికీలోకి తల తిప్పుకునేదాన్ని.

మా నాయన రాతి మనిషి. అవుకు వైపు ఒక గుట్ట కింద మా ఊరు. ఊరంటే ఊరు కాదు, పట్నమంటే పట్నం కాదు. ఒక వీధి, ఒక చర్చి, ఒక సారాయి అంగడి, మిగతాదంతా క్వారీ. పొద్దున ఏడింటికల్లా సమ్మెటల చప్పుడు మొదలయ్యేది. అది ఆగితే భోజనాల వేళ అయిందని అర్థం. చెట్ల ఆకుల మీద, ఆరేసిన చీరల మీద, మజ్జిగ మీద కూడా తెల్లగా పొడి పడి ఉండేది. నంద్యాలలో సగం ఇళ్ల కింద పరిచిన నాపబండలు మా గుట్ట కడుపులోంచి వచ్చినవే. ఇప్పుడు ఆ క్వారీ మూసేశారు. గుంతల్లో వాననీళ్లు నిలిచి, పచ్చగా, ఎంత లోతో తెలియకుండా ఉన్నాయి.

గుట్టకు ఉత్తరం వైపు మూలన మాత్రం నల్లరాయి పడేది. బొమ్మ చెక్కడానికి పనికొచ్చే రాయి. దాన్ని చూసి చెప్పే పని మా నాయనది. చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి, ఇది పలుకుతుంది, ఇది పలకదు అనేవాడు. పలికేదాన్ని ఆళ్లగడ్డకు, ఆచారి మామ షెడ్డుకు పంపేవాడు. ఆ తట్టే అలవాటు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు గోస్పాడు దగ్గర ఒక ఊళ్లో నా సంబంధం మాట్లాడటానికి పోయి, పెళ్లివారి ఇంట్లో కూర్చున్న చోటే వేలి కణుపులతో బండను తట్టి, "కింద గుల్లగా ఉండాది, మన్ను సరిగా కూరలేదు" అన్నాడట. ఆ ఇల్లు పెళ్లికొడుకు స్వయంగా దగ్గరుండి కట్టించాడు. సంబంధం ఆగిపోయింది. ఆ తరవాత వచ్చినవాటిని నేనే ఆపేశాను కాబట్టి తప్పంతా నాయన మీద వేయలేను గానీ, ఎవరైనా పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే మాత్రం ఇప్పటికీ ఆ బండ కథే చెప్తాను. వినేవాళ్లు నవ్వుతారు. నవ్వితే మళ్లీ అడగరు.

బొమ్మరాయికి ఒక పద్ధతి ఉంది. గుట్టలో రాయి ఎలా పడుకుని ఉందో చూసుకోవాలి. ఎండకు ఎండి వానకు తడిసిన పైభాగం దాని వీపు. నేలను ఆనుకున్నది దాని ముఖం. ఎన్నడూ వెలుగు చూడని ఆ వైపునే దేవుడి ముఖం చెక్కాలి. ఒకసారి రాయిని దొర్లించి లారీ ఎక్కించాక ఏది వీపో, ఏది ముఖమో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని నాయన రాయి కదలకముందే పైన ఎర్రమట్టి జాజుతో ఒక అడ్డగీత గీసేవాడు. ఇనుప గడారులు వేసి తిప్పగానే కింది వైపు ఒక సున్నా చుట్టేవాడు. గీత వీపు, సున్నా ముఖం. మేం క్రైస్తవులం. ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుని గొంతు కలవకుండా పాడే మా నాయన, సోమవారం నుంచి శనివారం దాకా ఎవరెవరి దేవుళ్లకో ముఖం ఎటువైపో చూపించేవాడు. ఇందులో ఆయనకు ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఆచారి మామకూ కనిపించలేదు. ఆయన మా ఇంటికొస్తే మా చెంబుతోనే నీళ్లు తాగేవాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

చదువు రాని నాయనకు నేను ఒకే ఒక పాఠం చెప్పాను. సంతకం. నెల రోజులు పట్టింది. జాజు గీతను ఒక్క ఊపులో గీసే చెయ్యి, పెన్ను పట్టుకుంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. చివరి ఏళ్లలో ఊపిరితిత్తుల నిండా రాతిపొడి చేరి, గుట్ట వదిలి నా దగ్గరికి నంద్యాల వచ్చేశాడు. పగలంతా నేను బడికి పోతే ఆయన గచ్చు మీద పడుకుని బండలు చూసుకుంటూ గడిపేవాడు. సాయంత్రం నేను రాగానే, "పాపా, ఆ పొయ్యి కాడ బండ మన గుట్టదే" అని చెప్పేవాడు. అంతకంటే మాట్లాడటానికి ఊపిరి ఉండేది కాదు. పోయే ముందు వారం మాత్రం, "నా రాయి ఆచారి కాడ ఉండాది. నేనే ఏరి పెట్టుకున్నా" అన్నాడు.

ఆయన పోయిన రోజు ఆళ్లగడ్డకు మనిషిని పంపాను. ఆచారి మామ రాలేదు. మూడో రోజు రాలేదు, పదో రోజు రాలేదు. నలభై ఏళ్ల స్నేహం, ఇరవై అయిదు మైళ్ల దూరం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాయీ వద్దు, ఆ మనిషీ వద్దనుకుని, సమాధికి నంద్యాలలోనే మిషను కోత గ్రానైటు పలక ఒకటి కొని, బంగారు రంగు అక్షరాలు రాయించాను. నాయన బాప్తిస్మం పేరు, ఒక వాక్యం, కింద 'కుమార్తె' అని నా పేరు, దాని పక్కన ఎం.ఎ., బి.ఇడి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పోయింది ఆయన, డిగ్రీలు నావి. నాలుగు ఎండాకాలాలకు రంగంతా రాలిపోయి, సమాధి మీద బి.ఇడి. ఒక్కటే మిగిలింది.

ఫోన్ వచ్చాక సోమవారం బస్సెక్కాను. ఆళ్లగడ్డలో దిగేసరికి రోడ్డు పొడుగునా గ్రైండర్ల రొద. తెల్లటి పొడిలో హనుమంతులు, నందులు, గుడ్డ కట్టిన అమ్మవార్లు. ఒక పక్కన నాయకుల విగ్రహాలు మెడ దాకా తయారై వరసగా నిలబడి ఉన్నాయి. చొక్కా, పంచె, ఎత్తిన చెయ్యి అన్నీ సిద్ధం. తల ఒక్కటే ఆర్డరు వచ్చాక పెడతారట. ఆ పొడి వాసన ముక్కుకు తగలగానే నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ వాసన నాకు గుర్తు లేదు, చిన్నప్పుడే పోయింది. మా ఇంటి వాసనంటే ఇదే.

కోడలు నలభై ఏళ్ల మనిషి. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ, చేతిలో సన్న ఉలి. షెడ్డు ఆమే నడుపుతోంది. నన్ను చూసి గుడ్డ కిందికి లాగి, మెల్లగా, "నేను ఫోన్ చేసినానని చెప్పగాకండి మేడం" అంది. ఎందుకని అడిగాను.

"సమాధి రాయి గురించి మేం కబురు చేయకూడదు. రాయి ఉండాది రాండి అంటే ఆ ఇంట్లో సావును పిలిచినట్టంట. సొంతమనుకున్నోళ్లు వాళ్లంతట వాళ్లు వచ్చి అడగల్ల. అంతదాకా ఆ ఇంటి గడప గూడా తొక్కడు మా మామ. మీ నాయన పోయినాడని తెలిసిన దినం ఈ రాయి కాడనే కూర్చోనుండెనంట, కూడు తినకుండా."

ఇరవై రెండేళ్ల కోపం కాళ్ల కింద బండ జరిగినట్టు జరిగింది. ఆయన నా కోసం కాచుకున్నాడు. నేను ఆయన కోసం కాచుకున్నాను. మధ్యలో రాయి పడుకుని ఉంది.

షెడ్డు వెనకాల గోడ నీడన ఉంది అది. మనిషి పొడవు, నల్లగా, ఒక్క ఉలి దెబ్బ కూడా లేకుండా. పైన జాజు గీత నిన్ననే గీసినంత ఎర్రగా ఉంది. నేను ఆశ్చర్యంగా చూస్తే కోడలు చెప్పింది. వానాకాలం పోగానే ఏటా దాని మీద మళ్లీ జాజు పూసేవాడట ఆచారి మామ. చూపు పోయాక ఆమె చేత పూయించేవాడట.

ఆయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు రెండూ తెల్లబడ్డాయి. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తి, "ఎవురు?" అన్నాడు. చెప్పాను.

"ఎవురు చెప్పినారమ్మీ రమ్మని?"

కోడలు ఉలి తిప్పుకుంటూ పక్కకు చూసింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పిన నోటితో, "ఎవురూ చెప్పలేదు మామా. నేనే వచ్చినా. మా నాయన రాయి అడగను వచ్చినా" అన్నాను.

ఆయన ముఖం చూశాను అప్పుడు. మోసి మోసి దించుకున్న మనిషి ముఖం. "యాడ పోతివి ఇన్నాళ్లు?" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఎవరి ముందైనా ఏడ్చి ఎన్నేళ్లయిందో లెక్క కూడా లేదు. ఆయన ఊరుకోమనలేదు. ఏడ్వనిచ్చి, ఆ తరవాత పనిలోకి వచ్చాడు.

"గుట్టలో రాయి ఎట్ల పండుకోనుండెనో అట్లనే పండబెట్టమన్యాడు మీ నాయన. గీత పైకి, సున్నా కిందికి. రాత రాయాలంటే ముఖం మీదే రాయల్ల. వీపు మీద రాసేది మా ఇంటా వంటా లేదు."

"కింద రాస్తే ఎవురు చదవల్ల మామా?" అంది కోడలు.

"పైన రాసినవన్నీ ఎవురు చదువుతాండార్లే" అన్నాడాయన.

నాకు బి.ఇడి. గుర్తొచ్చి నవ్వొచ్చింది. కోడలు కాగితం, పెన్సిలు ఇచ్చి ఏం రాయాలో రాసిమ్మంది. బాప్తిస్మం పేరు రాయబోయి ఆగాను. ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదు. క్వారీలో మేస్త్రీ అన్నారు, ఆచారి మామ ఏమప్పా అన్నాడు. చర్చి రిజిస్టరు తప్ప ఆ పేరు ఎరిగినవాళ్లు లేరు. చివరికి మూడే అక్షరాలు రాశాను. నాయన. అలా పిలవడానికి ప్రపంచంలో నేనొక్కదాన్నే ఉన్నాను గనక ఇంకెవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాను.

ఈ గురువారం రాయి నంద్యాల సమాధుల తోటకు వచ్చింది. దాని వెనకే ఆటోలో కోడలి భుజం పట్టుకుని ఆచారి మామ వచ్చాడు. నలుగురు మనుషులు తాళ్లు వేసి దించారు. బోర్లించే ముందు నేనొకసారి చూసుకున్నాను. జాజు సున్నా మధ్యలో మూడక్షరాలు, కోడలు సన్న ఉలితో చెక్కినవి, మా బడిలో ఏ పిల్లాడూ రాయనంత గుండ్రంగా ఉన్నాయి. ఆచారి మామ వాటిని వేళ్లతో ఒకటొకటిగా తడిమి, చెయ్యి తీసి, "పండుకోప్పా" అన్నాడు. గడారులు ఒత్తారు. రాయి తన ముఖం తాను నేలకు ఆనించుకుంది.

పాస్టరు గారు చుట్టూ తిరిగి చూసి, వాక్యం ఏమీ రాయించలేదా అని అడిగారు. "రాయించాను, కింద ఉంది" అన్నాను. ఒకే వారంలో రెండో అబద్ధం. పాత గ్రానైటు పలకను సమాధుల తోట కాపలాదారు అడిగి తీసుకున్నాడు. వేపచెట్టు కింద రెండు ఇటుకల మీద వేసుకుని, నా బి.ఇడి. మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

ఇంటికొచ్చి తాళం తీశాను. పొయ్యి దగ్గర బండ మీద కూర్చుని, ఎందుకో వేలి కణుపులతో ఒకసారి తట్టాను. గట్టిగానే పలికింది. చెప్పడానికి ఎవరూ లేరు. నాకు రాయి ఎవరు ఏరతారు, ఏ వైపు రాస్తారు అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, కొర్రల చేట ముందేసుకోగానే పోయింది. పైన రాసినవాటిని కాలం నాలుగు ఎండలకే తుడిచేయడం చూశాను. కిందికి తిప్పిన ఆ మూడక్షరాల దాకా ఆ కాలం ఎప్పటికి చేరుతుందో చూడటానికి మాత్రం నేనుండను.